అబ్బా దిల్‌కి నేను చేసిన తర్జుమా



ఈసారి ఒక గలతీ గురించి రాస్తున్నాను. డాక్టర్ది కాదు, ల్యాబ్ వాళ్లది కాదు. నాదే. ఇరవై ఏళ్లుగా డెస్క్ మీద కూర్చుని ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేస్తున్నవాణ్ని. పది దాకా ఉర్దూ మీడియంలో చదివి, పట్టుబట్టి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని. మూడు జబాన్‌లు వచ్చని లోపల కొంచెం గురూర్ కూడా ఉండేది. ఆ గురూర్ మొన్న సెప్టెంబర్‌లో ఒక ఒంటి పేజీ కాగితం ముందు దిగిపోయింది.

అబ్బాకి 74 ఏళ్లు. కుడి కంట్లో మోతియా ముదిరింది. ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ కావాలన్నారు. ఈసీజీలో ఏదో చిన్న తేడా కనిపించిందట, ఎందుకైనా మంచిది టూడీ ఎకో తీయించండి అని రాసిచ్చారు. గోపాలపట్నంలోనే, మెయిన్ రోడ్డు మీద ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్లాను.

అబ్బా లాల్చీ విప్పి ఎడమ పక్కకి తిరిగి పడుకున్నారు. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, చేతిలో ఇమిడే పరికరాన్ని పక్కటెముకల సందుల్లో ఆనించి నొక్కుతున్నారు. స్క్రీన్ మీద నలుపు తెలుపుల్లో ఏదో రెప్పలా కొట్టుకుంటోంది. అబ్బా ఒక్కసారి తలతిప్పి దాన్ని చూసి, "యూటీ" అన్నారు. అంతే. నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడిగి ఉంటే ఈ కథ ఇంత పొడుగు అయ్యేది కాదు.

బయటికొచ్చాక కౌంటర్ దగ్గర కుర్రాడు కవరు చేతిలో పెట్టాడు. "ఏటి రాశారు బాబూ?" అని పక్కన కూర్చున్న పెద్దాయన తన రిపోర్టు గురించి అడుగుతుంటే, "డాక్టర్‌గారికి చూపించండి, ఆయన సెప్తారు" అంటున్నాడు. నేను అడగలేదు. నాకు చదవడం వచ్చు కదా.

ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. మా గల్లీలో రిపోర్టు అంటే తమాషా కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకయినప్పటి నుంచి, మా వైపు చాలా ఇళ్లలో బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఊపిరితిత్తుల రిపోర్టులు, రక్తం రిపోర్టులు, ఎక్స్‌రేలు. కాగితంలో ఏముందో తెలియకపోయినా కాగితం అంటే ఖౌఫ్ ఉంటుంది.

నేను చదవడం మొదలుపెట్టాను. పై సగం అంతా అంకెలు. కింద సగం మాటలు.

"ఈఎఫ్ 58 శాతం."

అమ్మీ వెంటనే అడిగింది. "అఠ్ఠావన్ ఇచ్ ఆయా క్యా? సౌ మే?"

వందలో యాభై ఎనిమిది. ఫస్ట్ క్లాస్‌కి కూడా రెండు మార్కులు తక్కువ. నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది. "గుండె 58 శాతం పనిచేస్తోంది అమ్మీ" అన్నాను. అమ్మీ లెక్క చాలా ఫాస్ట్. "అంటే బయాలీస్ పోయింది" అంది. నలభై రెండు పోయింది.

తర్వాతి లైను: గ్రేడ్ వన్ డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్. 'డిస్‌ఫంక్షన్'కి డెస్క్ మీద రోజూ వాడే మాట నా నాలుక మీద తయారుగా ఉంది. పనిచేయకపోవడం. దాన్ని ఉర్దూలోకి దింపి, "దిల్ మే ఖరాబీ హై, పెహలా దర్జా" అన్నాను. మొదటి దర్జా అనగానే అందరికీ క్యాన్సర్ గుర్తొచ్చింది. మొదటిది అయితే రెండోది, మూడోది వస్తుందన్నమాట.

తర్వాత: ట్రివియల్ ఎంఆర్, మైల్డ్ టీఆర్. గుండె కవాటాలు రెండు లీకవుతున్నాయి అని చెప్పాను. మా గోపాలపట్నంలో 'లీకు' అనే మాట ఎలా వినిపిస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

చివర: నో క్లాట్, నో వెజ్, నో పీఈ. నా చిన్న కూతురు తొంగిచూసి, "దాదా గుండెలో వెజ్ లేదట, అంతా నాన్‌వెజ్జే" అంది. ఆ రోజు ఇంట్లో నవ్వింది అదొక్కతే. తర్వాత తెలిసింది, ఆ మొత్తం కాగితంలో కంగారు పడాల్సిన మాట ఒకటి ఉండి ఉంటే అది ఆ లైన్‌లోనే ఉండేదని. వెజ్ అంటే వెజిటేషన్, కవాటాల మీద ఇన్ఫెక్షన్ వల్ల పెరిగే పొర. క్లాట్ అంటే గడ్డ. పీఈ అంటే గుండె చుట్టూ నీరు. ఆ మూడూ 'లేవు' అని రాస్తే మేం పట్టించుకోలేదు.

ఇక మొదలైంది. తగరపువలస నుంచి ఫూఫీ ఫోన్. దమ్మాం నుంచి మామూ ఫోన్, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లండి అని. అమ్మీ సాలన్‌లో ఉప్పు తీసేసింది. దస్తర్‌ఖాన్ మీద అబ్బా ప్లేటు వేరయింది.

అబ్బా మాత్రం ఏమీ అనలేదు. రెండో రోజు ఫజర్‌కి మస్జిద్‌కి వెళ్లలేదు. ఇంట్లోనే కుర్చీ వేసుకుని నమాజ్ చేశారు. షిప్‌యార్డులో ముప్ఫై ఏడేళ్లు వెల్డింగ్ చేసిన మనిషి, సైకిల్ మీద సింధియా దాకా వెళ్లొచ్చిన రోజులున్న మనిషి, సాయంత్రం సింహాచలం స్టేషన్ దాకా నడక మానేశారు. మెట్లు ఎక్కితే నాలుగో మెట్టు మీద ఆగి ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవారు. నొప్పి ఉందా అంటే, "నహీ, దేఖ్ రహా హూఁ" అనేవారు. చూసుకుంటున్నారట. నలభై రెండు శాతం ఎక్కడ పోయిందో వెతుక్కుంటున్నట్టు.

వారం తర్వాత అమ్మీ చెప్పింది. రబీ నెలలో ఉమ్రాకి వెళ్దామని ఇద్దరూ దాచుకున్న డబ్బు ఉంది. పాస్‌పోర్టులు కొత్తవి చేయించుకున్నారు. అబ్బా ఆ రెండు పాస్‌పోర్టుల్నీ తిరిగి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశారట. "ఆ డబ్బు పోరీ ఫీజుకి ఇచ్చెయ్యి. తవాఫ్‌లో నేను పడిపోతే నువ్వు ఒక్కదానివి ఏం చేస్తావ్?" అన్నారట.

నేను విని, పాపం ముసలితనం అనుకున్నాను. అంతేగానీ ఆ మాట వెనక ఉన్నది నా తర్జుమా అని నాకు తట్టలేదు.

సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినం. ఏటా మా పేపర్లో ఒక పేజీ వేస్తాం. ఈసారి ఎకో రిపోర్టు ఎలా చదవాలి అన్న బాక్స్ ఐటమ్ నాకు పడింది. రాసే ముందు ఊళ్లో ఒక కార్డియాలజిస్టుకి ఫోన్ చేశాను. పెద్దాయన. సర్కారీ ఆసుపత్రిలో చాలాకాలం చేసి రిటైరయ్యారు. ఈఎఫ్ నార్మల్ ఎంత సార్ అని అడిగాను.

"మగవాళ్లకి 52 నుంచి 72. ఆడవాళ్లకి 54 నుంచి 74. రాసుకోండి."

రాసుకున్నాను. పెన్ను ఆగిపోయింది. మళ్లీ అడిగాను. "58 అయితే?"

"58 అయితే ఏముంది? మంచి గుండె."

ముక్కూ మొహం తెలియని పాఠకుల కోసం ఫోన్ చేశాను. అబ్బా కోసం మూడు వారాల పాటు చేయలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన శర్మిందగీ ఇక్కడ రాయలేను. డాక్టర్‌గారితో అసలు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "రేపు తీసుకురండి నాన్నగారిని. ఆ కాగితం కూడా తెండి" అన్నారు.

మర్నాడు ఆయన చెప్పింది అబ్బాకి అర్థమయ్యేలా నేను ఉర్దూలో చెప్తూ వచ్చాను. ఈసారి ఒక్కో మాటకి ఆగి, ఆయన్ని మళ్లీ అడిగి. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఉండే ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ 58. డాక్టర్‌గారు పిడికిలి బిగించి, విప్పి చూపించారు. గుండె ఎడమ జఠరిక నిండినప్పుడు అబ్బాకి 90 మిల్లీలీటర్ల రక్తం పట్టింది. పిండినప్పుడు 52 బయటికి పంపింది, 38 లోపలే ఉంది. 90లో 52 అంటే 58 శాతం. ఈఎఫ్ అంటే అంతే, ఒక్క దెబ్బకి బయటికి వెళ్లిన వాటా. ఏ ఆరోగ్యవంతుడి గుండే మొత్తం ఖాళీ చేయదు. నూటికి నూరు వచ్చే గుండె ప్రపంచంలో లేదు. 75 దాటితే అది డిస్టింక్షన్ కాదు, రక్తం తక్కువైందా, జ్వరమా, థైరాయిడా, గోడలు మందమయ్యాయా అని చూడాల్సిన విషయం. 40, అంతకన్నా తగ్గితే ఫికర్. 41 నుంచి 49 మధ్య ఉంటే కొంచెం తగ్గినట్టు. పైగా ఇవాళ 58 వచ్చిన మనిషికి రేపు ఇంకొకరు కొలిస్తే 55 రావచ్చు, 62 రావచ్చు. కొలిచే చెయ్యి మారినా, కోణం మారినా ఐదారు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. దానికి గుండె బాగుపడ్డట్టూ కాదు, చెడినట్టూ కాదు.

"మార్కులు కాదు సాబ్" అన్నారు ఆయన అబ్బాతో, తెలుగులోనే. "ఇది వాటా."

ఆ 'వాటా' అన్న మాట నాకు మూడు వారాల క్రితం తట్టి ఉంటే! ఉర్దూలో హిస్సా. ఎంత సులువైన మాట.

రెండోది, గదుల సైజు. నిండినప్పుడు ఎడమ జఠరిక అడ్డంగా ఎంత వెడల్పు అని మిల్లీమీటర్లలో రాస్తారు. మగవాళ్లకి 42 నుంచి 58, ఆడవాళ్లకి 38 నుంచి 52. అబ్బాకి 44. అది చూసి నేను 'అంచు మీద ఉంది' అనుకున్నాను. డాక్టర్‌గారు అబ్బా ఎత్తు, బరువు అడిగారు. 163 సెంటీమీటర్లు, 58 కిలోలు. ఒంటి ఉపరితలం 1.62 చదరపు మీటర్లు అని లెక్కగట్టారు. ఆరడుగుల పఠాన్‌కీ, అయిదడుగుల నాలుగంగుళాల మనిషికీ ఒకే షేర్వానీ కుట్టరు కదా. గుండె కూడా అంతే. అందుకే మంచి రిపోర్టులో చాలా కొలతల్ని ఒంటి సైజుతో భాగించి రాస్తారు. ఎడమ కర్ణికకి అలా లెక్క కడితే చదరపు మీటరుకి 16 నుంచి 34 మిల్లీలీటర్ల దాకా నార్మల్. అబ్బాది 28.

మనవాళ్ల గురించి ఇంకో మాట చెప్పారు. చాలాకాలం ఈ నార్మల్ అంకెలన్నీ ఎక్కువగా యూరప్, అమెరికా మనుషుల మీద కొలిచినవే. తర్వాత ప్రపంచంలోని ఎకో సంఘాలు కలిసి 15 దేశాల్లో 2,008 మంది ఆరోగ్యవంతుల్ని కొలిచాయి. వాటిలో ఇండియా కూడా ఉంది. 2019 నుంచి ఆ ఫలితాలు వస్తున్నాయి. ఒంటి సైజుతో భాగించిన తర్వాత కూడా ఎడమ జఠరిక పరిమాణం మనదేశంలోనే అందరికన్నా చిన్నగా వచ్చింది. అంటే మన గుండెలు జయీఫ్ అని కాదు. చిన్న ఇల్లు, కానీ పని పూర్తిగా చేసే ఇల్లు. ఇబ్బంది ఎక్కడంటే, పరాయి కొలబద్దతో చూస్తే మనవాడికి నిజంగానే పెరిగిన గుండె కూడా 'నార్మల్' అనిపించవచ్చు. అందుకే అంకెని మనిషిని చూసే చదవాలి.

మూడోది, గోడ మందం. రెండు జఠరికల మధ్య ఉన్న గోడ మగవాళ్లకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు, ఆడవాళ్లకి 6 నుంచి 9. అబ్బాకి సరిగ్గా 10. ఇది మాత్రం గుర్తుపెట్టుకోమన్నారు. బీపీని ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే మొదట మందమయ్యేది ఈ గోడే. అబ్బా బీపీ మాత్ర రోజూ వేసుకుంటారు, దాన్ని మానొద్దన్నారు. 'అంతా బాగానే ఉందటగా' అని మాత్రలు మానేసేవాళ్లు మన ఖాన్‌దాన్‌లలో తక్కువేం కాదు.

ఈ గోడ గురించి వింటుంటే నాకు స్కూల్లో చదివిన ఒక పేరు గుర్తొచ్చింది. ఇబ్న్ అల్-నఫీస్. దమిష్క్‌లో చదివి కాహిరాలో తబీబ్‌గా బతికి 1288లో ఇంతకాల్ చేసినవారు. ఆయనకి వెయ్యేళ్ల ముందు నుంచి, ఆ గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయనీ, రక్తం వాటిలోంచి కుడి నుంచి ఎడమకి వెళ్తుందనీ యూనానీ హకీమ్ జాలీనూస్ చెప్పిందే అందరూ చెప్తూ వచ్చారు. ఇబ్న్ అల్-నఫీస్ అది కాదన్నారు. గోడ మందంగా ఉంది, రంధ్రాల్లేవు, రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి గాలితో కలిసి ఎడమ వైపుకి తిరిగి వస్తుందని రాశారు. ఆ రాత శతాబ్దాల పాటు మరుగునపడి, 1924లో ఒక మిస్రీ డాక్టర్ బెర్లిన్ లైబ్రరీలో ఆ కితాబ్ చూశాక మళ్లీ లోకానికి తెలిసింది. పెద్దవాళ్లు చెప్పారని ఒప్పేసుకోకుండా గోడ వైపు చూసిన మనిషి ఆయన. నేనేమో చేతిలో కాగితం ఉండి కూడా సరిగా చూడలేదు.

నాలుగోది, ఆ 'గ్రేడ్ వన్'. డయాస్టోల్ అంటే గుండె సడలి రక్తాన్ని నింపుకునే సమయం. ముందు రక్తం తనంతట తాను ఒక ఉరవడితో వస్తుంది, దాని వేగం 'ఈ'. చివర్లో పై గది నెట్టితే ఇంకొంచెం వస్తుంది, అది 'ఏ'. వయసులో ఉన్నప్పుడు 'ఈ' పెద్దది. అరవై దాటాక గోడల్లో సాగే గుణం తగ్గి చాలామందిలో 'ఏ' పెద్దదవుతుంది. అబ్బాకి ఈ 0.6, ఏ 0.8. ఆ ఒక్క తలకిందులు చూసి గ్రేడ్ వన్ అని రాసేయడం చాలాచోట్ల అలవాటు. కానీ 2016లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఈఎఫ్ బాగున్న మనిషిలో నాలుగు సంగతులు చూడాలి. గోడ సడలే వేగం, దానికీ 'ఈ'కీ నిష్పత్తి 14 దాటిందా, టీఆర్ వేగం సెకనుకి 2.8 మీటర్లు దాటిందా, ఎడమ కర్ణిక 34 దాటిందా. సగానికన్నా ఎక్కువ తేడాగా ఉంటేనే జబ్బు అనాలి. అబ్బాకి మొదటిది ఒక్కటే తక్కువ. మిగతా మూడూ ఖైరియత్.

"ఇది జబ్బు కాదు, ఉమర్" అన్నారు డాక్టర్‌గారు. ఆ ఒక్క ఉర్దూ మాట ఆయనకి ఎలా వచ్చిందో తెలీదు. అబ్బా మొదటిసారి తలెత్తి చూశారు.

అయిదోది, లీకులు. ట్రివియల్ అంటే 'ఉందీ అంటే ఉంది' అన్నంత. తలుపు రెక్కలు మూసుకునే క్షణంలో ఒక బొట్టు వెనక్కి రావడం. ఇప్పటి మెషిన్లు ఆ బొట్టుని కూడా రంగుల్లో చూపిస్తాయి. ఏ రోగమూ లేని మనుషుల్లో కూడా కుడి వైపు కవాటంలో ఈ కొంచెం లీకు చాలా మామూలు.

అప్పుడు అబ్బా నోరు విప్పారు. మూడు వారాల తర్వాత ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం అదే.

"డాక్టర్ సాబ్, యే తో యూటీ హై నా?"

యూటీ. అల్ట్రాసోనిక్ టెస్టింగ్. షిప్‌యార్డులో ఓడ పొట్టకి ప్లేట్లు వెల్డ్ చేశాక ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడట. అతుకు పక్కన గ్రీజు రాసి, చిన్న పరికరం ఆనించి జరుపుతుంటే డబ్బా స్క్రీన్ మీద గీతలు లేచేవట. లోపల బుడగ ఉందా, మడ్డి ఇరుక్కుందా, పగులు ఉందా అన్నీ పైనుంచే తెలిసేవి. "ఏ అతుకులో అయినా ఒక చిన్న బుడగ ఉంటుంది సాబ్. హద్దు లోపల ఉంటే పాస్. సుద్దముక్కతో ఓకే అని రాసి వెళ్లిపోతాడు. పగులు ఉంటే మాత్రం ఎంత చిన్నదైనా ఒప్పుకోడు. కోసి మళ్లీ కొట్టాల్సిందే."

డాక్టర్‌గారు కుర్చీలో ముందుకి జరిగారు. "మీకు ఒకటి చెప్పనా? ఈ టెస్టు పుట్టిందే షిప్‌యార్డు మెషిన్‌తో" అన్నారు.

ఇంటికొచ్చాక చదివి చూసుకున్నాను. నిజం. స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టర్‌కి ఒక బాధ ఉండేది. మిట్రల్ కవాటం బిగుసుకుపోయిన పేషెంట్లలో ఎవరికి ఆపరేషన్ మేలు చేస్తుందో పైనుంచి తెలుసుకునే దారి లేదు. ఫిజిక్స్ చదివిన కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్‌ని కలిశాడు. 1953లో హెర్ట్జ్, మాల్మో ఊళ్లోని కాకుమ్స్ షిప్‌యార్డులో లోహంలో లోపాలు పట్టే యంత్రాన్ని అరువు తెచ్చి తన ఛాతీ మీదే పెట్టుకుని చూశాడు. తెర మీద గుండె కదలిక కనిపించింది. ఆ ఏడాది అక్టోబర్ 29న వాళ్లిద్దరూ మొదటిసారి గుండె కదలికని ఫిల్మ్ మీద రికార్డు చేశారు. ఇక్కడ మన వైజాగ్ షిప్‌యార్డు జల ఉషని నీళ్లలోకి దించి అప్పటికి ఐదేళ్లు. ఓడ అతుకుల్ని చూసే కన్నుతో మనిషి గుండెని చూశారన్నమాట. ల్యాబ్‌లో జెల్ రాయగానే అబ్బా "యూటీ" అన్నది అందుకే. అక్కడ ఆ టెస్టు అర్థమైనవారు ఆయనొక్కరే. చదువుకున్నవాణ్నని కాగితం నేను లాక్కున్నాను.

"అయితే నా పగులు ఎక్కడుంది?" అని అడిగారు అబ్బా.

"పగుళ్లు లేవు. బుడగలే" అన్నారు డాక్టర్‌గారు.

ఏవి పగుళ్లో కూడా చెప్పారు. గుండె గోడలో ఒక భాగం కదలడం లేదని రాస్తే అది పాత హార్ట్ ఎటాక్ గుర్తు కావచ్చు. అబ్బా రిపోర్టులో 'నో ఆర్‌డబ్ల్యూఎంఏ' అన్నది అదే, అలాంటిది లేదని. సివియర్ అన్న మాట ఎక్కడున్నా, స్టెనోసిస్ అన్న మాట ఉన్నా, ఈఎఫ్ బాగా తగ్గినా, గుండె చుట్టూ నీరున్నా ఆలస్యం చేయకూడదు. ఇంకో ముఖ్యమైన మాట. ఎకో నార్మల్ అంటే రక్తనాళాల్లో బ్లాక్ లేదని కాదు. ఎకో గుండె గోడల్నీ, తలుపుల్నీ, గదుల్నీ చూస్తుంది. గుండెకి రక్తం తెచ్చే సన్నటి నాళాల్లో ఏముందో చెప్పలేదు. కాబట్టి ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చెమటలు వస్తే 'పోయిన నెల ఎకో బాగుందిగా' అని ఇంట్లో కూర్చోకూడదు.

చివరికి నేను అడిగాను. "సార్, నార్మల్ అంటే అసలు ఎవరు నిర్ణయిస్తారు?" జర్నలిస్టు బుద్ధి.

జబ్బు లేని మనుషుల్ని వందలమందిని కొలుస్తారు. అందర్నీ వరసలో పెట్టి, అటు చివర కొద్దిమందిని, ఇటు చివర కొద్దిమందిని వదిలేసి, మధ్యలో ఉన్న 95 మందిని నార్మల్ అంటారు. అంటే నూరుగురు ఆరోగ్యవంతుల్లో అయిదుగురు, ఏ రోగమూ లేకుండానే, హద్దు బయట ఉంటారు. ఒక రిపోర్టులో ఇరవై అంకెలుంటే ఒకటో రెండో అటూ ఇటూ ఉండటం వింత కాదు. నాకు మస్జిద్‌లో సఫ్ గుర్తొచ్చింది. అందరూ భుజం భుజం కలిపి నిలబడతారు. పొడుగువాడు ఉంటాడు, పొట్టివాడు ఉంటాడు. చివర నిలబడ్డవాడు కూడా సఫ్‌లోనే ఉన్నాడు.

లేచేటప్పుడు అబ్బా జేబులోంచి పెన్ను తీసి డాక్టర్‌గారి ముందు పెట్టారు. రిపోర్టు కాగితం తిప్పి, "ఓకే లిఖ్ దీజియే" అన్నారు. డాక్టర్‌గారు ముందు తికమకపడ్డారు. తర్వాత నవ్వి, వెనక పెద్ద అక్షరాలతో ఓకే అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేశారు.

ఆటోలో ఎన్ఏడీ దాటి వస్తుండగా నేను అబ్బా చెయ్యి పట్టుకుని మాఫ్ కీజియే అన్నాను. తప్పుగా చెప్పాను అన్నాను. ఆయన కాసేపు రోడ్డు వైపు చూసి, "తూనే పఢా. సమఝా నహీ" అన్నారు. చదివావు, అర్థం చేసుకోలేదు. కోపంగా కాదు. కొత్త హెల్పర్‌కి అతుకు ఎక్కడ తప్పిందో చూపించినట్టు. తర్వాత, "పూఛ్‌నా థా, బేటా" అన్నారు. అడగాల్సింది, అంతే.

ఆ రాత్రి సాలన్‌లోకి ఉప్పు తిరిగొచ్చింది, బీపీ ఉంది కాబట్టి మునుపటికన్నా తక్కువగా. కంటి ఆపరేషన్ అయ్యింది, అల్హమ్దులిల్లాహ్. ఫజర్‌కి గేటు చప్పుడు మళ్లీ వినిపిస్తోంది. ప్రపంచ హృదయ దినం పేజీలో నా బాక్స్ ఐటమ్ వచ్చింది. అందులో డిస్‌ఫంక్షన్‌కి 'పనిచేయకపోవడం' అని రాయలేదు. 'వయసుతో గుండె సడలడంలో వచ్చే మార్పు' అని రాశాను. సబ్ ఎడిటర్ పొడుగైందన్నాడు. పొడుగైనా ఉండనీ అన్నాను.

మీ ఇంట్లోనూ అమ్మీ అబ్బాలు ఉన్నారు. వాళ్ల కాగితాలు చదివేది మనమే, ఫోన్‌లో వెతికేది మనమే. మనం ఒక మాట తప్పు చెప్తే వాళ్లు దాన్ని గుండెలో పెట్టుకుని మెట్ల మీద ఆగిపోతారు. అర్థం కాని మాట వస్తే, వచ్చినట్టు నటించకుండా, 'నాకు తెలీదు, అడిగి చెప్తాను' అందాం.

నిన్న అమ్మీ ట్రంకు పెట్టె సర్దుతూ నన్ను పిలిచింది. పాస్‌పోర్టులు రెండూ పైకొచ్చాయి. వాటి మధ్యలో నాలుగు మడతలు పెట్టిన ఎకో రిపోర్టు ఉంది. ఓకే అని రాసిన వైపు పైకి పెట్టి.